మద్ది చెట్టు మీది గొంతు

పోయిన నెల ఖమ్మంలో ఒక ఫోన్ల దుకాణంలో గంటన్నర నిలబడి బేరం ఆడాను. నేను బేరం మొదలుపెడితే అవతలివాళ్లకు ఆకలి వేస్తుందని మా అక్క అంటుంది. అమ్మే పిల్ల అప్పటికే రెండుసార్లు మంచినీళ్లు తాగింది. ధర దిగనప్పుడు సరుకు గొప్పదనం చెప్పడం పాత విద్యే కాబట్టి, ఆ పిల్ల ఫోనును గాజుబల్ల మీద నా వైపు తిప్పి, "లోపల ఎనిమిది కోర్లుంటయి ఆంటీ. ఎన్ని పనులు చెప్పినా ఒక్కసారే చేస్కుంట పోతది. అసలు ఆగనే ఆగదు" అంది. ఆ చివరి మాటకు నా వీపు మీద సన్నగా చలి పాకింది. పైన ఏసీ నడుస్తోంది గనుక నెపం దాని మీదికి తోసేశాను. బతుకులో మొదటిసారి ఇంకొంచెం తగ్గించమని అడగకుండా ఫోను కొనుక్కుని బయటపడ్డాను. భద్రాచలం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక, ఫోనుకు కవరు ఉచితంగా అడగడం మరిచానని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను. కానీ మనసు అప్పటికే పినపాక వైపు అడవిలో, ఒక వాగు ఒడ్డున, ఎండలో నిలబడి ఉంది.

ఆగని యంత్రం ఒకటి నేనూ చేశాను. దాని సంగతి చెప్పాలంటే మా నాన్న దుకాణం దగ్గర మొదలుపెట్టాలి. దుకాణదారుల ఇంట్లో పుట్టినవాళ్లం, తూకం వేయకుండా సరుకు చేతికివ్వలేం.

మాది సారపాకలో కిరాణా కొట్టు. కాగితం మిల్లు సైరను కూసే వేళల్ని బట్టి మా ఇంట్లో అన్నం ఉడికేది. షిఫ్టు దిగినవాళ్లంతా ఒక్కసారిగా వచ్చి పడితే లోపల నాన్న ఒక్కడే ఉండేవాడు. ఒకరికి కందిపప్పు తూస్తూ, ఇంకొకరి చీటీ చదువుతూ, పైనుంచి వేలాడే పురికొస లాగి మూడోవాళ్ల పొట్లం కట్టేవాడు. చూసేవాళ్లకు కొట్లో ముగ్గురు నాన్నలున్నట్టు ఉండేది. ఉన్నది ఒక్కడే. ఈ పని నాలుగు క్షణాలు, ఆ పని మూడు క్షణాలు, మళ్లీ మొదటిది. ఇంత చురుకైన మనిషికి ఒక చాదస్తం ఉండేది. ఎవరొచ్చి ఏమడిగినా ఉందనో లేదనో వెంటనే చెప్పేవాడు కాదు. "ఎవరింటి పిల్లవు? మీ నాయన బాగున్నడా?" అని ముందు తీరిగ్గా అడిగేవాడు. వెనక నిలబడ్డవాళ్లు పళ్లు కొరుక్కునేవాళ్లు. "నాయనా, ముచ్చట్లు తర్వాత పెట్టుకో, గిరాకీ పోతది" అని నేను మూల నుంచి గొణిగేదాన్ని. గిరాకీ ముందు, మిగతావన్నీ తర్వాత. నా వ్యాపార శాస్త్రం మొత్తం ఈ ఒక్క ముక్కే, అదీ నాన్న మీద విసుక్కుంటూ నేర్చుకున్నది.

నాన్న తర్వాత కొట్టు నా చేతికి వచ్చింది. కిరాణా నడవక ఇన్వర్టర్లు, బ్యాటరీలు, ఫోన్ల రిపేరులోకి దిగాను. మిల్లు నుంచి బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక ఇంజనీరు తన పాత ల్యాప్‌టాప్ అమ్ముతానంటే, మూత వదులుగా ఉందనీ, రెండు మీటలు ఊడాయనీ వంక పెట్టి, ఆయన విసిగి సంచితో సహా ఇచ్చేదాకా వదల్లేదు. దేవుడు ప్రత్యక్షమై వరం కోరుకోమంటే, రెండోది ఊరికే ఇస్తావా అని అడిగే రకం నేను. ఆ ల్యాప్‌టాప్ ఫ్యాను తిరుగుతుంటే వడ్ల మిల్లు ఆడుతున్నట్టు ఉండేది. దాని ముందే కూర్చుని, యాభై దగ్గరపడుతున్న వయసులో, వీడియోలు చూస్తూ ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. తర్వాత అగ్గిపెట్టెలో పట్టే చిన్న బోర్డులు తెప్పించుకున్నాను. వాటిలో ఉండేది ఒకే ఒక్క కోరు, అంటే పనిచేసే మనిషి ఒక్కడే, చిటికెడు మెమరీ. ఆ ఒక్కడి చేతే నాలుగు పనులు ఒకేసారి జరుగుతున్నట్టు నడిపించవచ్చని వీడియోలో చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. అది మా నాన్న చేసిందే కదా! అలా విడిగా నడిచే ఒక్కో పనిని వాళ్లు థ్రెడ్ అంటారు, అంటే దారం. ఒక్కో దారానికి ఒక పెద్దరికం ఇచ్చుకోవాలి. రెండింటికీ ఒకేసారి పని పడితే పెద్దది నడుస్తుంది, అది కాస్త ఆగినప్పుడే చిన్నదానికి వంతు. పెద్దది ఆగకపోతే ఏమవుతుందో కూడా ఆ వీడియోలో చెప్పే ఉంటారు. కాలం మిగులుతుందని నేను అన్నీ రెండింతల వేగంతో చూసేదాన్ని.

మా అక్క అడవి ఊళ్లకు టీకాలు వేసే నర్సమ్మ. ఆమె తిరిగే ఊళ్లలో ఒక పల్లె వాగుకు అవతల ఉంది. అప్పటికి వంతెన లేదు. ఇక్కడ చినుకు పడకపోయినా ఎక్కడో కొండల మీద కురిస్తే చాలు, నెత్తిన ఎండ కాస్తుండగానే ఆ వాగు వచ్చేస్తుంది. అందుకే ఆ పల్లెకు ఒక పద్ధతి ఉండేది. దాటవలసినవాళ్లు ఈ ఒడ్డున నిలబడి "హో" అని కేక వేయాలి. అవతలి ఒడ్డున మద్ది చెట్టు కింద, తన గుడిసె ముందు ఒక తాత కూర్చుని ఉంటాడు. ఆయన "రా" అంటే దిగాలి. "ఆగు" అంటే కూర్చోవాలి. జవాబే రాకపోతే వచ్చిన దారిన వెనక్కి పోవాలి. ఆయనకు ముందు ఆయన తండ్రి ఆ పని చేశాడట. ఎవరూ అప్పగించిన పని కాదు, ఎవరూ జీతమిచ్చిన పని కాదు. అక్క ఒకరోజు తడిసిన చీరతో నేరుగా మా కొట్టుకు వచ్చి, "తాతకు కండ్లు మసకలు కమ్ముతున్నయే. రా అన్నడు, నడిమిట్లకు పోయేసరికి నడుం లోతు. టీకాల డబ్బా నెత్తిన పెట్టుకొని ఎట్ల బయటపడ్డనో నాకే ఎరుక లేదు. నీ బోర్డులతోని ఏదన్న చెయ్యరాదు?" అంది. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. పైగా మా ఇంట్లో నాకు మిగిలిన రక్తసంబంధం ఆమె ఒక్కతే.

చేశాను. నీళ్ల ఎత్తు కొలిచే చిన్న కన్ను ఒకటి వాగు మీదికి వంగిన కొమ్మకు కట్టాలి. మద్ది చెట్టు మీద బోర్డు, బ్యాటరీ ఉన్న పెట్టె, ఒక మైకు హారను, బ్యాటరీకి ఎండ పట్టే సోలార్ పలక. ఈ ఒడ్డున రాతి మీద ఒక బటను, దాని వైరు చెట్ల కొమ్మల మీదుగా అవతలికి. ఎవరైనా బటను నొక్కితే, నీళ్లు తక్కువగా ఉంటే "రా" అని, ఎక్కువగా ఉంటే "ఆగు" అని పెట్టె పలకాలి. లోపల రెండు దారాలు. ఒకటి నీళ్లు చూస్తుంది, ఒకటి పిలిచినవాళ్లకు జవాబిస్తుంది. పెద్దరికం దేనికివ్వాలన్న దగ్గర నేను క్షణం కూడా ఆలోచించలేదు. నేను పుట్టిందే కొట్టు బల్ల వెనక. పిలిచినవాడు గిరాకీ, నీళ్లు చూడడం లోపల సరుకు సర్దుకోవడం లాంటిది. జవాబిచ్చే దారానికి పెద్దరికం కట్టబెట్టాను.

మిగిలింది గొంతు. తాత గొంతైతేనే పల్లెవాళ్లు నమ్ముతారని అక్క అంది. ఇద్దరం వెళ్లాం. తాత ఈత చాప మీద కూర్చుని, నా ఫోను వైపు కాకుండా నా చెవి పక్కకు చూస్తూ నవ్వాడు. "నా గొంతు డబ్బల పెట్టినంక ఇగ నాకేం మిగుల్తదే బిడ్డా?" అన్నాడు. లోపలినుంచి అవ్వ, ఆయన భార్య, "దగ్గు మిగుల్తది తియ్, రాత్రంత నాకు అదేనాయె" అంది. నేను ఫోను ముందు పెట్టి, "తాతా, రెండే ముక్కలు. ఒకసారి రా అను, ఒకసారి ఆగు అను" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "ఎవరో అడగకుంట రా అని ఎట్లంట? ఎలుగ్గొడ్డు నిలబడ్డా రమ్మంటమా?" అన్నాడు. చివరికి తన పద్ధతిలోనే చెప్పాడు. ముందు దగ్గాడు. తర్వాత వాగంతా వినపడేలా, సాగదీసి, "ఎవరూ?" అన్నాడు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. నేను ఫోను తెరమీద కదులుతున్న గీత వైపే చూస్తూ, పోతున్న సెకన్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. అప్పుడు "రా" అన్నాడు. అలాగే ఇంకోసారి, "ఆగు".

ఇంటికి వచ్చి కత్తెర పట్టాను. దగ్గు తీసేశాను. "ఎవరూ?" తీసేశాను. మధ్యలోని ఖాళీ తీసేశాను. అక్క పక్కన కూర్చుని, "అడిగే ముక్కన్న ఉంచవే, ఆయన పిలిచినట్టే ఉంటది" అంది. "దగ్గుకూ ప్రశ్నకూ గూడ మెమరీ పడ్తదే. బటను నొక్కినోడు ఎవరైతే యంత్రానికేంది? తొందరగ జవాబొస్తే చాలు" అన్నాను. మెమరీ తక్కువన్నది నిజమే. కానీ నా లెక్కలో ఒక దొంగ తూకం ఉంది, అదీ చెప్పాలి. రోజూ ఉదయం ఆరింటికి ఒకసారి మా దుకాణం పేరు పలికేలా కూడా ఆ పెట్టెలో పెట్టాను. ఊరికే చేసిన పనికి ఆ మాత్రం బోర్డు కట్టుకోవద్దా అనుకున్నాను. తాత ప్రశ్న పోయిన చోట మా కొట్టు పేరు కూర్చుంది.

మొదటి వానాకాలం పెట్టె బాగానే పనిచేసింది. పనిచేసిందని నేను అనుకున్నాను. తాత దాని కిందే కూర్చుని ఉండేవాడు. పైన పెట్టె "రా" అనగానే, కింద ఆయన దగ్గి, "ఎవరూ?" అని తానే అడిగేవాడు. ఈ ఒడ్డున నిలబడ్డవాళ్లు పేరు చెప్పి, ఆయన రెండోసారి "రా" అన్నాకే దిగేవాళ్లు. ఒకే గొంతు చెట్టు మీద ఒకసారి, చెట్టు కింద ఒకసారి. విన్నవాళ్లకు అదోలా ఉండేదని అక్క చెప్పింది. ఆ తర్వాతి ఎండాకాలం, తునికాకు కోతలప్పుడు, తాత చాప మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. చెట్టు కింది గొంతు పోయి, చెట్టు మీది గొంతు మిగిలింది.

తొలకరి పడ్డాక మొదలైంది. మిట్టమధ్యాహ్నం, ఈ ఒడ్డున పిట్ట కూడా లేని వేళ, చెట్టు మీదినుంచి "రా" అని పిలుపు. బటను మీద చెయ్యి లేదు. దారిలో మనిషి లేడు. కాసేపటికి మళ్లీ, "రా". కట్టెలకు వెళ్లిన ఆడవాళ్లు మోపులు పడేసి పరుగెత్తుకొచ్చారట. మేకలు ఆ వైపు మేయడం మానేశాయట. ఎవరిని పిలుస్తున్నాడో తెలియక, ఇంటింటా ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారట. అవ్వ మాత్రం గుడిసె గడపలో కూర్చుని, ఒక్కో పిలుపుకూ తలెత్తి చూసి, మళ్లీ తల దించుకునేదని అక్క ఫోనులో చెబితే, నేను పెద్ద తెలిసినదానిలా నవ్వాను. "వైరు జాయింట్ల తేమ చేరింది, అంతే. తడిస్తే ఎవరో నొక్కినట్టే అనుకుంటది" అన్నాను. అది నిజం కూడా. వచ్చి బాగుచేస్తానన్నాను. కానీ వానాకాలం కరెంటు పోయే కాలం, ఇన్వర్టర్లు కొనేవాళ్లు కొట్టు ముందు నిలబడి ఉన్నారు. గిరాకీ ముందు. మూడు వారాలు పోయాయి.

చివరికి ఒక బుధవారం, అక్క టీకాలకు వెళ్తుంటే ఆమె స్కూటీ వెనక కూర్చుని బయలుదేరాను. తెల్లవారుజామున వాన పడి ఆగింది. మేము మట్టిదారి చివర బండి ఆపేసరికి బాగా పొద్దెక్కి, టేకు ఆకుల మీద నీళ్లు ఎండకు మెరుస్తున్నాయి. అవ్వ అక్కడే కనబడింది. రోడ్డు పక్క ఊళ్లో కూతురింటికి వెళ్లి తిరిగి వస్తోందట, చేతిలో ఉప్పు సంచి. ముగ్గురం నడిచాం. ఇంకా వాగు కనబడనే లేదు, చెట్ల లోపలినుంచి "రా" అని వినబడింది. నేను చేసిన పెట్టె అది. లోపలి ప్రతి వైరూ నేను అతికించిందే. అయినా ఆ గొంతుకు ఆగి చుట్టూ చూశాను. పది అడుగులు వేసేసరికి మళ్లీ, "రా". ఒక్కోసారి వెంటవెంటనే, ఒక్కోసారి ఊపిరి బిగబట్టేంత ఆలస్యంగా. ఎవరు పిలుస్తున్నారో తెలుసు, ఆ మనిషి లేడనీ తెలుసు. ఈ రెండు తెలివిడులూ ఒకే బుర్రలో పక్కపక్కన ఇమడవు. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. అవ్వ ముందు నడుస్తోంది.

వాగులో నీళ్లు చీలమండ దాకా ఉన్నాయి, అడుగున గులకరాళ్లు కనబడేంత తేటగా. నేను ధైర్యం తెచ్చుకుని రాతి మీది బటను తుడిచి నొక్కాను. నొక్కీ నొక్కకముందే చెట్టు మీదినుంచి "రా" అని వచ్చింది. "చూసినవా అవ్వా, అర సెకను గూడ ఆలస్యం లేదు" అన్నాను, ఆ వేళలోనూ సరుకు పొగుడుకోవడం మానకుండా.

"అవ్" అంది అవ్వ. "గదే నాకు భయం."

అక్క చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, టీకాల డబ్బా భుజాన వేసుకుని నీళ్లలో కాలు పెట్టింది. అవ్వ ఉప్పు సంచి కింద పడేసి, డబ్బా పట్టీ రెండు చేతులతో పట్టుకుంది. "పోవద్దు బిడ్డా."

"డబ్బల మంచు కరుగుతాంది అవ్వా. అవతల పసిపిల్లలు ఎదురుచూస్తరు" అంది అక్క.

"యాభై ఏండ్లు ఆయనతోని కాపురం చేసిన. బిందె పట్టుకొని నేను గీ ఒడ్డున నిలబడ్డా, ఎవరూ అని అడగకుంట ఒక్కనాడు రమ్మనలే. పెండ్లామని గూడ చూసేటోడు గాదు. గిది గాయన గాదు. గాయన గొంతు ఏసుకొని ఇంకేందో పిలుస్తాంది."

ఆ మాట నాకు సూటిగా తగిలింది, ఆ గొంతు కత్తిరించి తొడిగింది నేనే. తగిలినప్పుడు దుకాణదారు చేసే పనే నేనూ చేశాను, వాదనకు దిగాను. మోకాలు కూడా తడవదన్నాను. రెండు నిమిషాల్లో అవతల ఉంటామన్నాను. కావాలంటే నేనే ముందు నడుస్తానన్నాను. అవ్వ తడి ఇసుకలో చతికిలబడి, పట్టీ వదలకుండానే నా వైపు చూసింది. "బేరం జేస్తే నాతోని జెయ్యి బిడ్డా, ఎంతసేపైనా జెయ్యి. వాగుతోని జెయ్యకు" అంది.

ఎంతసేపు వాదించానో తెలియదు. ముందు పిట్టలు ఆగిపోయాయి. తర్వాత ఒక వాసన వచ్చింది, పచ్చి బంకమట్టి తవ్వినప్పటి వాసన. తేట నీళ్ల మీద వేలెడు వెడల్పున నురగ, దాని వెనక ఆకులు, పుల్లలు. అక్క కాలు చప్పున వెనక్కి తీసుకుంది. మేము గట్టు ఎక్కి వెనక్కి తిరిగేసరికి, ఆమె నిలబడ్డ చోట ఎర్రటి నీళ్లు వేళ్లతో సహా ఒక చెట్టును దొర్లించుకుంటూ పోతున్నాయి. పైన ఎండ కాస్తూనే ఉంది. మా ముగ్గురి మీదా ఒక్క చినుకు లేదు.

అప్పుడు పెట్టె మళ్లీ పిలిచింది. "రా."

ఆ హోరులో కూడా స్పష్టంగా, ప్రేమగా, తాత బతికున్నప్పటి గొంతుతో. "రా." నేను పరుగెత్తి బటను వైరు పట్టి లాగేశాను. తెగిన వైరు నా చేతిలో ఉంది. చెట్టు మీదినుంచి, "రా." అక్క టీకాల డబ్బా ఒళ్లో పెట్టుకుని చెవులు మూసుకుంది. ఎర్రటి వాగు మధ్యలో ఉరుకుతోంది, అవతలి ఒడ్డునుంచి చనిపోయిన మనిషి తొందరపెడుతూనే ఉన్నాడు. నాకు ఆ క్షణాన బోర్డు, వైరు, తేమ ఏవీ గుర్తు లేవు. నేనొక దాన్ని తయారుచేసి అడవిలో వదిలిపెట్టాను, అది నా మాట వినడం లేదు, అంతే తెలుసు. అవ్వ లేచింది. కొంగు నడుముకు చెక్కుకుని, నీళ్ల అంచు దాకా వెళ్లి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, పల్లె పద్ధతిలో "హో" అని కేక వేసింది.

"వస్త తియ్! నువ్వు పిలువకున్న వస్త. ఇప్పుడు గాదు. నువ్వే ఆగు!"

పెట్టె ఆగిపోయింది. మళ్లీ పలకలేదు. పొద్దుటినుంచి వాగి వాగి బ్యాటరీ అయిపోయి ఉంటుందని నేనంటాను. అక్క ఇప్పటికీ ఒప్పుకోదు. ఒప్పించడానికి నేనూ పెద్దగా బేరమాడను.

మూడు రోజులకు వాగు తగ్గింది. అవతలికి వెళ్లి పెట్టె దించి, కొట్టుకు తెచ్చి, లోపల అది తనకు తాను రాసుకున్న చిట్టా అంతా ల్యాప్‌టాప్‌లో చదివాను. నీళ్లు చూసే దారం ఆఖరిసారి చూసింది ఆ రోజు తెల్లవారుజామున. ఆ తర్వాత ఒక్కసారి కూడా దానికి వంతు రాలేదు. అవతలి చెట్టు మీది జాయింటు తడిసి, బటను నొక్కుతున్నట్టే ఉంది. పెద్దరికం ఉన్న దారం, పలకని వేళ కూడా ఆ నొక్కుళ్లనే చూసుకుంటూ, లేని గిరాకీతో ఊపిరాడకుండా మునిగి ఉంది. దాని దగ్గరున్నది తెల్లవారుజాము నాటి కబురు, నీళ్లు తక్కువ. ఆ పాత కబురునే పొద్దున్నుంచీ తాజా సరుకులా అమ్ముతోంది. ఒక్క క్షణం ఆగినా చిన్న దారం లేచి వాగు వైపు చూసేది. ఆగే చోటేది? దాన్నే కదా నేను కత్తిరించి పారేసింది.

ఫోనులో అసలు రికార్డు ఇంకా ఉంది. అక్క, నేను కూర్చుని విన్నాం. దగ్గు. "ఎవరూ?" తర్వాత ఆ ఖాళీ. ఈసారి సెకన్లు లెక్కపెట్టలేదు, విన్నాను. ఖాళీలో చాప చప్పుడు ఉంది. కర్ర నేలకు తగిలిన చప్పుడు ఉంది. ఎవరో నిట్టూర్చి లేచిన చప్పుడు. "అవ్, లేచిండు కదనే" అంది అక్క మెల్లగా. "రికార్డు కోసం ఊరికే అనుమంటే గూడ, ఎవరూ అని లేచి నిలబడి, కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని వాగు పైకి చూసిండు. నువ్వు ఫోను చూస్తున్నవ్."

ప్రశ్న జవాబు కోసం కాదు. ఈ ఒడ్డున ఉన్నవాళ్లు పేరు చెప్పేలోగా ఆయన పైకి చూసుకునేవాడు. నీళ్ల రంగు, నురగ, కొట్టుకొచ్చే ఆకు. చూశాకే "రా". అప్పుడు నాకు మా కొట్టు కనబడింది. "ఎవరింటి పిల్లవు? మీ నాయన బాగున్నడా?" అంటున్న నాన్న. ఆయన నోరు అక్కడ ఉండేది, కన్ను వెనక గోనెసంచి అడుగుకు పోయేది. చెయ్యి బెల్లం దిమ్మ తడిసిందేమో తడిమి చూసేది. అన్నేళ్లు పక్కన కూర్చుని కూడా దాన్ని చాదస్తమనుకున్నాను. ఒక్కడే ఉన్న కొట్లో ఆ పలకరింపే రెండో మనిషి అని ఒక చిన్న బోర్డు చెబితే గానీ నాకు తెలియలేదు.

పెట్టెను మళ్లీ రాశాను. నీళ్లు చూసే దారానికి పెద్దరికం ఇచ్చాను. మా దుకాణం పేరు తీసేశాను, ఆ చోట దగ్గుతో సహా తాత ప్రశ్న సరిగ్గా పట్టింది. బటను నొక్కితే "ఎవరూ?" అని అడుగుతుంది. తర్వాత అయిదు సెకన్లు జవాబిచ్చే దారం నిద్రపోతుంది, నీళ్లు చూసేది చూసుకుంటుంది. తాజా కబురు లేకపోతే పల్లె పద్ధతి ప్రకారం మూగగా ఉంటుంది. బిగించిన రోజు అవ్వను పిలిచి బటను నొక్కించాను. "ఎవరూ?" అని వినబడగానే ఆమె కళ్లు తుడుచుకుని, "ముసలోడికి ఇప్పుడు యాదికొచ్చింది అడగాలని" అంది.

ఇదంతా బస్సులో గుర్తొచ్చాక ఊరికే ఉండలేక మొన్న మళ్లీ ఆ దారిన వెళ్లాను. వాగు మీద వంతెన వచ్చి రెండేళ్లయింది. ఇక పెట్టెతో పని లేదు కదా, బ్యాటరీ అయినా పనికొస్తుందని విప్పుకొచ్చేద్దామనుకున్నాను. అవ్వ పోయిన ఎండాకాలం పోయింది. ఇప్పుడు ఆ గుడిసెలో ఉంటున్న ఆమె కూతురు నాతో పాటు బటను రాయి దాకా నడిచి వచ్చింది. "అమ్మ పోయే ముందటి రోజు నన్ను పట్టుకొని గీ ఒడ్డుకు వచ్చింది. బటను నొక్కింది. ఎవరూ అన్నడు. నేనే అన్నది. రా అన్నడు" అని చెప్పింది, నిన్న సంతలో ఏం కొన్నదీ చెప్పినంత మామూలుగా. నేను స్క్రూడ్రైవరు సంచిలోంచి తీయనే లేదు. మేము అక్కడ ఉండగానే ఒకామె నెత్తిన గంపతో వచ్చింది. నిక్షేపంలాంటి సిమెంటు వంతెన ఎదురుగా ఉండగా, ఆగి, బటను నొక్కి, తన పేరు చెప్పి, "రా" అనిపించుకుని నడిచి వెళ్లింది.

అందరూ వెళ్లాక నేనూ నొక్కాను. చెట్టు మీదినుంచి దగ్గు. "ఎవరూ?" అయిదు సెకన్లు గాలి కూడా ఆడలేదు. ఆకుల వెనక ఎవరో లేచి నిలబడి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, నా వెనకగా ఏదో వస్తోందేమోనని పైకి చూస్తున్నట్టే ఉంది. బతుకంతా కత్తిరించి, గీరి, మిగిల్చుకున్న కాలమంతా ఎక్కడ పోసుకున్నానో ఇప్పుడు వెతికినా దొరకదు. నేను తిరిగిచ్చేసిన ఆ అయిదు సెకన్లే, ఎప్పుడు వెళ్లినా అక్కడ నా కోసం ఉంటాయి.